మంచంలోనే ఉంటున్న పెద్దవాళ్లకి విటమిన్ డి ఎంత వేయాలి? దాంతో ఎముకలు గట్టిపడతాయా?

వెన్నెలగాలి:

మా మామగారికి 79 ఏళ్లు. పక్షవాతం వచ్చాక ఎడమ చెయ్యి, ఎడమ కాలు సరిగా కదలవు. ఇద్దరం చెరోపక్క పట్టుకుంటే కుర్చీలో కూర్చుంటారు, మిగతా వేళంతా మంచం మీదే. ఈమధ్య రక్తపరీక్ష చేయిస్తే విటమిన్ డి 9 వచ్చింది. వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు 60,000 యూనిట్ల పొడి, ఆ తర్వాత రోజుకో చిన్న మాత్ర, దాంతోపాటు కాల్షియం రాశారు.

ఇంట్లో ఒకరు "వారానికొకటి ఏ మూలకి? రోజు మార్చి రోజు వేయండి, గబగబా పెరుగుతుంది" అంటారు. ఇంకొకరేమో మందులెందుకు, మంచం కిటికీ పక్కకి జరిపితే చాలంటారు. నా సందేహం వేరు. ఇవన్నీ వాడితే ఎముకలు నిజంగా గట్టిపడతాయా? పక్కకి తిప్పిన ప్రతిసారీ ఎక్కడ ఏం విరుగుతుందో అని ఒకటే టెన్షన్.

పాతస్టెత్:

వృద్ధుల వార్డుల్లో చాలాకాలం పనిచేసి రిటైరైన డాక్టర్ని. ముందు ఆ 9 పక్కన యూనిట్ ఏముందో చూడండి. నానోగ్రాములైతే బాగా తక్కువే. కొన్ని ల్యాబులు నానోమోల్స్‌లో ఇస్తాయి, అందులో అంకె రెండున్నర రెట్లు పెద్దగా కనిపిస్తుంది.

12 నానోగ్రాముల కంటే తగ్గితే లోపమేనని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. పేచీ అంతా 20 చాలా, 30 ఉండాలా అన్న దగ్గరే. అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 20 చాలంది. హార్మోన్ల డాక్టర్ల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2011లో 30 అంది, 2024కి వచ్చేసరికి ఆ 30 గీతను తనే వదిలేసుకుంది. కాబట్టి 24, 26 వచ్చినవాళ్లు రిపోర్టులో ఎర్ర అక్షరాలు చూసి కంగారు పడనక్కర్లేదు. 9కి మాత్రం మందు వేయాల్సిందే.

రోజు మార్చి రోజు మాట మాత్రం వినకండి. వారానికి 60,000 అంటే రోజుకి సుమారు 8,500 పడినట్టు. లోటు పూడ్చడానికి కొన్నాళ్లు ఇస్తారు కాబట్టి ఫర్వాలేదు. రోజు మార్చి రోజు అంటే రోజుకి 30,000 అవుతుంది. పెద్దవాళ్లు దీర్ఘకాలం డాక్టరు పర్యవేక్షణ లేకుండా దాటకూడదని పెట్టిన హద్దు 4,000. ఇది నీటితో పోయే విటమిన్ కాదు, కొవ్వులో పేరుకుంటుంది.

ఇక అసలు ప్రశ్న. విటమిన్ డి ముఖ్యంగా చేసే పని పేగుల్లోంచి కాల్షియం, ఫాస్ఫరస్ లోపలికి లాగించడం. అది బాగా తగ్గిపోతే కొత్తగా తయారయ్యే ఎముకలో ఖనిజం సరిగా పట్టదు, ఎముక మెత్తబడుతుంది. దాన్ని ఆస్టియోమలేషియా అంటారు. ఇది విటమిన్ డితో బాగవుతుంది. మంచాన పడటం వల్ల ఎముక పల్చబడటం దీనికి పూర్తిగా వేరు. అక్కడ లోపించింది విటమిన్ కాదు, బరువు. శరీరం బరువు మోయని ఎముకని శరీరమే కరిగించేస్తుంది. అంతరిక్షంలో ఉన్న వ్యోమగాములకి, తిండికీ వ్యాయామానికీ లోటు లేకపోయినా, తుంటి దగ్గర నెలకి 1 నుంచి 1.5 శాతం దాకా ఎముక తగ్గిందని కొలిచారు. ఇసుక, సిమెంటు తెచ్చి వాకిట్లో పోసినంత మాత్రాన గోడ లేవదు కదా, మేస్త్రీ రావాలి.

ఎండపొడ:

డాక్టరుగారూ, ప్రకృతి ఇచ్చినదాన్ని వదిలేసి పొడులు, మాత్రలు ఎందుకండీ? రోజూ కాసేపు కిటికీలోంచి ఎండ పడేలా చూస్తే సరిపోదా? మన పూర్వీకులు ఏ క్యాప్సూల్ మింగారు?

పాతస్టెత్:

కిటికీ అద్దం మూసి ఉంటే ఎంత ఎండ పడినా వెచ్చదనమే గానీ విటమిన్ రాదు. చర్మంలో విటమిన్ డి తయారవడానికి కావాల్సిన యూవీబీ కిరణాలని మామూలు గాజు ఆపేస్తుంది. ఆరుబయటికి తీసుకెళ్లినా వయసు మీదపడిన చర్మంలో ఆ ముడిసరుకే తగ్గిపోతుంది. పైగా ఒంటి నిండా బట్టలు, దుప్పటి. ఎండలోకి తీసుకెళ్లండి, మనసుకి మంచిది, నిద్ర కూడా బాగా పడుతుంది. 9ని 20 చేయడానికి మాత్రం దాన్ని నమ్ముకోకండి. పూర్వీకుల్లో ఎంతమంది పక్షవాతం వచ్చాక ఏళ్ల తరబడి బతికారో కూడా ఆలోచించండి.

లెక్కలమాస్టారు:

ఎముకలు గట్టిపడతాయా అన్నదానికి పరిశోధనలు ఏం చెప్పాయో నేను చెప్తాను. మీకు నచ్చకపోవచ్చు.

అందరూ ఎత్తి చూపేది 1992లో ఫ్రాన్స్‌లో జరిగిన పరిశోధన. వృద్ధుల వసతి గృహాల్లో ఉన్న 3,270 మంది స్త్రీలు, సగటు వయసు 84. రోజుకి 800 యూనిట్ల విటమిన్ డి3, 1.2 గ్రాముల కాల్షియం ఇచ్చారు. ఏడాదిన్నరలో తుంటి ఫ్రాక్చర్లు 43 శాతం తక్కువ. గొప్ప ఫలితమే. ఇక్కడ ఒక మెలిక ఉంది, వాళ్లంతా నడవగలిగినవాళ్లు. మంచానికే పరిమితమైనవాళ్లని అందులో చేర్చుకోలేదు.

తర్వాత 2005లో బ్రిటన్‌లో రికార్డ్ అనే ట్రయల్. అప్పటికే ఒకసారి ఎముక విరిగిన, 70 దాటిన 5,292 మంది. అదే 800 యూనిట్లు. మళ్లీ విరగడం తగ్గలేదు. 2022లో వైటల్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 25,871 మంది, రోజుకి 2,000 యూనిట్లు, ఐదేళ్లకి పైగా. అక్కడా ఫ్రాక్చర్లు తగ్గలేదు.

నా మాట సూటిగా చెప్పాలంటే ఇదో పెద్ద వ్యాపారం.

పాతస్టెత్:

మాస్టారూ, అంకెలు సరైనవే, తీర్పే తొందరపాటు. వైటల్‌లో చేరినవాళ్లలో ఎక్కువమందికి మొదట్నుంచీ విటమిన్ డి సరిపడా ఉంది. కడుపు నిండినవాడికి ఇంకో ముద్ద పెట్టి బలం రాలేదంటే ఎలా? ఫ్రాన్స్ వాళ్లకి అసలే తక్కువ, కాల్షియం కూడా చాలదు, అందుకే ఫలితం కనిపించింది. వెన్నెలగాలిగారి మామగారు ఈ రెండో రకం. ఆయనకి లోటు పూడ్చడం వేరు, లోటు లేనివాళ్లకి అదనంగా పోయడం వేరు.

లెక్కలమాస్టారు:

ఒప్పుకున్నా. పూడ్చడం వరకే సుమా. పెద్ద పెద్ద డోసుల సంగతి ఇంకా అధ్వాన్నం. ఆస్ట్రేలియాలో 2,256 మంది 70 దాటిన స్త్రీలలో కొందరికి ఏడాదికోసారి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చారు, మిగతావాళ్లకి ఉత్తి మాత్ర. 2010లో వచ్చిన ఫలితం: మందు వేసుకున్నవాళ్లే 15 శాతం ఎక్కువ పడ్డారు, 26 శాతం ఎక్కువ ఫ్రాక్చర్లు. డోసు వేసిన మొదటి మూడు నెలల్లోనే పడటం మరీ ఎక్కువ. కెనడాలో 2019లో ఇంకోటి. మూడేళ్లపాటు రోజూ 400, 4,000, 10,000 ఇచ్చి పోల్చారు. ముంజేతి ఎముక సాంద్రత ఎక్కువ డోసు వాళ్లకే ఎక్కువ తగ్గింది. మీ ఇంట్లో "గబగబా పెంచండి" అనేవాళ్లకి ఈ రెండూ చదివి వినిపించండి.

రాత్రిడ్యూటీ:

నేను నర్సుని. ట్రయల్స్ గురించి మాస్టారంత తెలీదు గానీ వెన్నెలగాలిగారి టెన్షన్ నాకు బాగా అర్థమైంది. మంచంలో ఉన్నవాళ్లకి ఎముక విరిగేది పడిపోయి కాదండీ, చాలాసార్లు మన చేతుల్లోనే. డైపర్ మార్చేటప్పుడు, బట్టలు తొడిగేటప్పుడు, కుర్చీలోకి మార్చేటప్పుడు.

పక్కకి తిప్పేటప్పుడు చేతిని గానీ చీలమండని గానీ పట్టుకుని లాగొద్దు. కాలు పొడుగ్గా ఉన్నప్పుడు పాదం దగ్గర పట్టుకుని మెలితిప్పితే ఆ ఒత్తిడంతా మోకాలికి కాస్త పైన తొడ ఎముక మీద పడుతుంది, విరిగేది అక్కడే. ఒక దుప్పటిని అడ్డంగా నాలుగు మడతలు పెట్టి భుజాల నుంచి తొడల దాకా వచ్చేట్టు కింద పరచండి. ఇద్దరూ చెరోవైపు దుప్పటి అంచుని ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకుని, ఒకటి రెండు మూడు అనుకుని ఒకేసారి జరపండి. పక్కకి తిప్పేముందు అవతలి మోకాలు కొంచెం మడిచి, ఒక చెయ్యి భుజం వెనక, ఒక చెయ్యి తుంటి వెనక పెట్టి మొత్తం ఒంటిని ఒకేసారి దొర్లించాలి. మోకాళ్ల మధ్య దిండు పెట్టండి. బిగుసుకుపోయిన కీలుని బలవంతంగా చాపొద్దు. చొక్కా తొడిగేటప్పుడు బలహీనమైన చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆ చెయ్యి చివర.

ఇంకోటి. మాట సరిగా రానివాళ్లు నొప్పి అని చెప్పలేరు. తిప్పినప్పుడు ఉన్నట్టుండి మొహం చిట్లించడం, ఒక కాలు ముట్టుకోనివ్వకపోవడం, మోకాలి పైన వాపు, కమిలిన మచ్చ, ఒక కాలు పొట్టిగా బయటికి తిరిగినట్టు కనిపించడం. ఇందులో ఏది కనిపించినా "రేపు చూద్దాం" అనుకోకుండా ఎక్స్‌రే తీయించండి.

వెన్నెలగాలి:

రాత్రిడ్యూటీగారూ, మీరు రాసింది ప్రింట్ తీసి మంచం పక్క గోడకి అంటించాను. మేము ఇన్నాళ్లూ చొక్కా తొడిగేటప్పుడు ఏ చెయ్యి వీలైతే ఆ చెయ్యి అన్నట్టే చేస్తున్నాం.

పాతస్టెత్:

ఆ ఎడమ వైపు గురించి ఒక మాట. పక్షవాతం వచ్చినవాళ్లకి ఎముక రెండువైపులా ఒకేలా పల్చబడదు, చచ్చుబడిన వైపే ఎక్కువ. పక్షవాతం తర్వాత తుంటి విరిగితే ఎక్కువగా ఆ వైపే విరుగుతుంది. చేతులు వేసేటప్పుడు అది మనసులో పెట్టుకోండి.

ఔషధపెట్టె:

ఫార్మసిస్టుని. ఈ పొడి విషయంలో మేం ఎక్కువగా చూసే పొరపాటు, వారానికొకటి రాసింది రోజుకొకటి వేసేయడం. చూసుకునే మనిషి మారినప్పుడల్లా ఇది జరుగుతుంది. వారంలో ఏ రోజు వేయాలో నిర్ణయించుకుని క్యాలెండర్‌లో ఎనిమిది తేదీలకీ ముందే సున్నా చుట్టండి, వేశాక టిక్ పెట్టండి. కొవ్వులో కరిగేది కాబట్టి ఖాళీ కడుపుతో కాకుండా భోజనంతో ఇస్తే బాగా ఒంటపడుతుంది.

ఆయన వేసుకునే మిగతా మందులేమిటి? ఫిట్స్‌కి ఫెనిటోయిన్, కార్బమజపిన్, ఫినోబార్బిటాల్ వాడుతుంటే అవి విటమిన్ డిని కాలేయంలో త్వరగా విరగ్గొట్టేస్తాయి, మామూలు డోసు చాలకపోవచ్చు. బీపీకి థయజైడ్ రకం మాత్ర ఉంటే అది మూత్రంలో పోవాల్సిన కాల్షియాన్ని ఆపుతుంది. దానికి తోడు ఇక్కడ డి, కాల్షియం రెండూ కలిస్తే రక్తంలో కాల్షియం పెరగొచ్చు. గుండెకి డిగాక్సిన్ ఉంటే మరీ జాగ్రత్త. థైరాయిడ్ మాత్రకీ కాల్షియానికీ కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలి.

రోజుకి 800 అన్నా 20 మైక్రోగ్రాములన్నా ఒకటే, సీసా మీద ఎలా ఉన్నా తికమక పడొద్దు.

వెన్నెలగాలి:

ఫిట్స్‌కి మాత్ర ఉందండి, మీరు చెప్పినవాటిలో ఒకటే. థయజైడ్ లేదు. ఆ మాత్ర సంగతి విటమిన్ డి రాసిన డాక్టరుకి తెలుసో లేదో, ఈసారి అడుగుతాను. కాల్షియం వేసినప్పట్నుంచీ మలబద్ధకం ఎక్కువైంది, అది మానేయొచ్చా?

పాతస్టెత్:

డాక్టర్ని అడక్కుండా మానొద్దు గానీ, అడగాల్సిన ప్రశ్నే. ఆ వయసుకి రోజుకి మొత్తం 1,200 మిల్లీగ్రాముల కాల్షియం అంటారు. మొత్తం అంటే తిండిలో వచ్చేది కూడా కలిపి. చాలామంది మాత్రల్లోనే 1,000 పెట్టేసి పైన తిండి తినిపిస్తారు. తిండిలో ఎంత అందుతోందో లెక్కేసి, తగ్గినంత మాత్రమే మాత్రలో ఇస్తే చాలు. కార్బొనేట్ రకం అయితే భోజనంతో వేయాలి. గ్యాస్ తగ్గే మాత్రలు రోజూ వాడేవాళ్లకి అది సరిగా ఒంటపట్టదు, సిట్రేట్ రకం నయం.

మంచాన పడ్డవాళ్ల విషయంలో చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. ఎముక కరిగినప్పుడు కాల్షియం రక్తంలోకి వచ్చి పడుతుంది. అది చూసి, రక్తంలో కాల్షియాన్ని అదుపుచేసే పారాథైరాయిడ్ గ్రంథి తన హార్మోను తగ్గిస్తుంది. ఆ హార్మోను తగ్గితే కిడ్నీ కూడా విటమిన్ డిని పనిచేసే రూపంలోకి మార్చడం తగ్గించేస్తుంది. అంటే పైనుంచి మీరు ఎంత పోసినా పేగు ఎక్కువ తీసుకోదు, ఉన్నది మూత్రంలో పోతుంది. మంచాన పడ్డ తొలి నెలల్లో ఇది ఎక్కువ. అందుకే వీళ్లకి కిడ్నీల్లో, మూత్రాశయంలో రాళ్లు. నడిచే మనిషికి రాసే డోసుల్ని వీళ్లకి గుడ్డిగా రాయకూడదనేది ఇందుకే.

మలబద్ధకం ఒక్కటే అయితే సరే. దాంతోపాటు విపరీతమైన దాహం, ఎక్కువ మూత్రం, వాంతి, ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడటం ఉంటే రక్తంలో కాల్షియం పరీక్ష వెంటనే చేయించాలి. వయసు మీదపడిందిలే అని వదిలేసే లక్షణాలే ఇవన్నీ.

లెక్కలమాస్టారు:

నిన్న ఒక మాట రాయడం మర్చిపోయా. "నడవలేనివాళ్ల మీద, పక్షవాతం వాళ్ల మీద ప్రత్యేకంగా పరిశోధనలున్నాయి, తుంటి ఫ్రాక్చర్లు బాగా తగ్గాయి" అని ఎవరైనా లింకు పంపితే రచయిత పేరు చూడండి. జపాన్‌లో యోషిహిరో సాతో అనే డాక్టరు సరిగ్గా ఈ రోగుల మీదే, పక్షవాతం, పార్కిన్సన్స్, అల్జీమర్స్ మీద, విటమిన్ డి, విటమిన్ కె, ఎముక మందులతో వరసగా ట్రయల్స్ ప్రచురించాడు. ఫలితాలు నమ్మశక్యం కానంత బాగుండేవి. బ్రిటన్, న్యూజిలాండ్ పరిశోధకులు కలిసి ఆయన 33 ట్రయల్స్ లెక్కల్ని పట్టి పట్టి చూసి, అవి నమ్మదగ్గవి కావని 2016లో బయటపెట్టారు. తర్వాత డజన్ల కొద్దీ పత్రాలు వెనక్కి తీసుకున్నారు. అప్పటికే అవి ఎన్నో సమీక్షల్లోకి, సలహాల్లోకి ఎక్కేశాయి. మిగతావాళ్ల మీద జరిగిన పరిశోధనలు బోలెడున్నాయి గానీ, మంచం పట్టినవాళ్ల విషయంలో మిగిలిన నిజమైన సమాచారం చాలా తక్కువ. నాకు కోపమొచ్చేది మందు మీద కాదు, దీని మీద.

నీడపట్టున:

మాస్టారు చెప్పినవి చదువుతుంటే మందు మానేద్దామా అనిపిస్తుంది చదివేవాళ్లకి. మా అమ్మ విషయం చెప్తా. తొడల్లో, నడుంలో ఒకటే నొప్పులు, కూర్చున్న చోటు నుంచి లేవలేకపోయేది. అందరం వయసే అనుకున్నాం. ఒక డాక్టరు రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఎక్కువుంది, ఫాస్ఫరస్ తక్కువుందని విటమిన్ డి పరీక్ష చేయించారు, అడుగంటి ఉంది. మందు పడ్డాక కొన్ని నెలలకి నొప్పి తగ్గింది, పట్టుకుంటే నిలబడేది. ఆ నిలబడటం వల్ల మాకు ఎంత హాయో చెప్పలేను.

పాతస్టెత్:

అదే ఆస్టియోమలేషియా. అలాంటివాళ్లని వెతికి పట్టుకోవడానికే ఈ పరీక్ష పనికొస్తుంది.

కీలుబొమ్మలు:

ఫిజియోథెరపిస్టుని, ఆలస్యంగా వచ్చాను. వెన్నెలగాలిగారూ, ఇద్దరు పట్టుకుంటే కుర్చీలోకి మారతారన్నారు, అది చాలా పెద్ద విషయం. మార్చేటప్పుడు ఆయన్ని సంచిలా ఎత్తేస్తున్నారా, లేక కుడికాలి మీద కొంచెమైనా బరువు మోస్తున్నారా? రెండోదైతే ఆ కొన్ని సెకన్లే ఆయన ఎముకకి ఆ రోజుకి దొరికే పని. పాదాలు నేలకి ఆనేంత ఎత్తున్న మంచం అంచున, వీపుకి ఆనుడు లేకుండా, పక్కన మీరు కాపలాగా ఉండి కూర్చోబెట్టండి. మీ ఫిజియో ఒప్పుకుంటే పట్టుకుని నిలబెట్టడం, ఎడమ పాదం మీదకి కూడా నెమ్మదిగా బరువు తేవడం. ఊరికే కాళ్లు ఆడించడం కీళ్లు బిగుసుకోకుండా పనికొస్తుంది, ఎముకకి మాత్రం అది పెద్దగా లెక్కలోకి రాదు. టిల్ట్ టేబుల్ (మనిషిని నిలువుగా లేపే బల్ల) మీద కట్టి నిలబెడితే సాంద్రత పెరుగుతుందని గట్టిగా చెప్పే ఆధారాలు కూడా లేవు, నేను అలా ఆశపెట్టను. కండ ఎంత మిగుల్చుకుంటే ఎముక మీద అంత లాగుడు ఉంటుంది, అందుకని మాంసకృత్తులు తగ్గకుండా చూడండి.

వెన్నెలగాలి:

కుడికాలి మీద మోస్తారండి, మేమే తొందరపడి ఎత్తేస్తున్నాం. ఇంకొక్క ప్రశ్న. ఎముకలకి ఏడాదికోసారి ఇంజెక్షన్ ఉందట కదా, అది అడగొచ్చా?

పాతస్టెత్:

అడగండి. అది జోలెడ్రోనిక్ యాసిడ్, నరానికి ఎక్కిస్తారు. ఎముక కరగడాన్ని ఆపే మందు కాబట్టి పల్చబడటం మీద నేరుగా పనిచేసేది ఇదే, విటమిన్ డి కాదు. అయితే విటమిన్ డి 9 ఉండగా ఎక్కించకూడదు, రక్తంలో కాల్షియం దబ్బున పడిపోవచ్చు. ముందు లోటు పూడ్చాలి. కిడ్నీ ఎంత బాగా వడగడుతోందో చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ 35 కంటే తక్కువుంటే ఇవ్వరు. మొదటిసారి జ్వరం, ఒళ్లునొప్పులు రావొచ్చు.

వారానికో మాత్రగా వచ్చే అలెండ్రోనేట్ ఈయనకి కుదరదనుకుంటా. పరగడుపున గ్లాసు నీళ్లతో మింగి అరగంట నిటారుగా కూర్చోవాలి, లేకపోతే అన్నవాహిక పుండు పడుతుంది. ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ కిడ్నీ సరిగా లేనివాళ్లలో కాల్షియాన్ని ప్రమాదకరంగా పడగొట్టగలదు. మధ్యలో ఆపేస్తే వెన్నుపూసలు విరిగే ముప్పు కూడా ఉంది, మొదలుపెట్టేముందే అది ఆలోచించాలి.

మరీ బలహీనంగా ఉన్నవాళ్లకి ఈ మందులతో సాంద్రత పెరిగినా ఫ్రాక్చర్లు తగ్గుతాయో లేదో ఇంకా తేలలేదు. వసతి గృహాల్లోని 181 మంది స్త్రీల మీద 2015లో వచ్చిన ఒక ట్రయల్‌లో సాంద్రత పెరిగింది, విరగడం తగ్గినట్టు కనపడలేదు. ఆయన మిగతా ఆరోగ్యం ఎలా ఉంది, ఎన్నాళ్లు ఉపయోగపడుతుంది అన్నది చూసి మీ డాక్టరు చెప్పాలి.

రెండోవాకిలి:

ఇదే వరసలో అడుగుతున్నా, మా పెద్దమ్మకి ముక్కులోంచి ట్యూబ్ ఉంది. ఆమెకి విటమిన్ డి నూనె చుక్కలు రాశారు. ట్యూబ్‌లో వేస్తే సరిపోతుందా?

ఔషధపెట్టె:

నూనె చుక్కలు ట్యూబ్ గోడకి అంటుకుపోతాయి, వేసినదంతా కడుపులోకి చేరదు. నీళ్లలో కలిసే ద్రవరూపం దొరుకుతుందేమో రాసిన డాక్టర్ని అడగండి. ఏది వేసినా ముందూ వెనకా నీళ్లతో ట్యూబ్ కడగాలి. కాల్షియం మాత్ర పొడి చేసి ఫీడ్‌లో కలపొద్దు, గడ్డకట్టి ట్యూబ్ మూసుకుపోతుంది. డబ్బాలో వచ్చే రెడీమేడ్ ఫీడ్ ఇస్తుంటే దాని మీద విటమిన్ డి ఎంతుందో చూసి రోజుకి ఎన్ని మిల్లీలీటర్లు ఇస్తున్నారో లెక్కేయండి. చాలాసార్లు రోజుకి కావాల్సినదాంట్లో పెద్ద భాగం అందులోనే వచ్చేస్తుంది.

రెండోవాకిలి:

డబ్బా మీద 100 మిల్లీలీటర్లకి ఇంత అని మైక్రోగ్రాముల్లో ఉంది. 40తో గుణిస్తే యూనిట్లు వస్తాయి కదా?

ఔషధపెట్టె:

అంతే. మొత్తం వచ్చాక ఇక్కడ రాయండి, చుక్కలు ఇంకా అవసరమా లేదా అని డాక్టర్ని అడగడానికి ఆ అంకె పట్టుకెళ్లొచ్చు. పరీక్ష మళ్లీ మూడు నెలలకి చాలు, అంతకంటే ముందు చేయిస్తే అంకె ఇంకా కుదురుకోదు. అప్పుడు కాల్షియం, క్రియాటినిన్ కూడా అదే రక్తంలో చూడమనండి, ఆమెకి రెండోసారి సూది గుచ్చే బాధ తప్పుతుంది.